హైదరాబాద్ నుంచి డాలస్: ఏ దారి దగ్గర, ఏ దారి త్వరగా?

శంషాబాద్ నుంచి డాలస్‌కు భూగోళం మీద గీత గీస్తే దాదాపు 14,420 కి.మీ. తేలుతుంది. మ్యాపులో చూసి అమెరికా పడమరకే కదా అనుకుంటాం గానీ ఈ గీత పడమరకు పోదు. శంషాబాద్‌లో మొదలై ఇంచుమించు తిన్నగా ఉత్తరానికి వెళ్తుంది. ధ్రువానికి కాస్త ఇవతల, 85 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అటువైపు కెనడా మీదుగా కిందికి దిగుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలు, అంటే దాదాపు సగం భూగోళం. అందుకే అడ్డంగా చుట్టి రావడం కన్నా నెత్తిమీదుగా దాటడమే దగ్గర.

ఆ గీత మీద ఎగిరే విమానం మాత్రం లేదు. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా ఒక సర్వీసు మొదలుపెట్టింది, తర్వాత ఆపేసింది. కాబట్టి డాలస్ వెళ్లాలంటే దారిలో ఒకచోటో రెండుచోట్లో దిగక తప్పదు. ఎక్కడ దిగుతారన్నదే అసలు ఎంపిక. కిలోమీటర్ల లెక్క చూసి దారి ఎంచుకుంటే దెబ్బతింటారు. కింది పట్టికలో అన్నిటికన్నా దగ్గరి దారే అన్నిటికన్నా ఆలస్యంగా చేరుస్తుంది.

| దారి | మొత్తం దూరం (కి.మీ.) | గాల్లో ఉండేది | మొత్తం ప్రయాణం | విమానం మారేది |
|---|---|---|---|---|
| దుబాయ్ | 15,470 | 20 గంటలు | 22–25 గంటలు | ఒకసారి |
| దోహా | 15,650 | 20½ గంటలు | 23–26 గంటలు | ఒకసారి |
| లండన్ | 15,380 | 20½ గంటలు | 23–26 గంటలు | ఒకసారి |
| ఫ్రాంక్‌ఫర్ట్ | 15,370 | 20½ గంటలు | 23–26 గంటలు | ఒకసారి |
| అబుదాబి, షికాగో | 15,570 | 22 గంటలు | 27–30 గంటలు | రెండుసార్లు |
| ఢిల్లీ, షికాగో | 14,580 | 21–23 గంటలు | 27–31 గంటలు | రెండుసార్లు |

దూరాలు విమానాశ్రయానికీ విమానాశ్రయానికీ మధ్య కొలిచిన తిన్నటి గీతలు. విమానం నిజంగా తిరిగేది దీనికన్నా ఎక్కువే ఉంటుంది. గంటలు సుమారు లెక్క. కనెక్షన్, అంటే మధ్యలో మారే విమానం, సరిగ్గా కుదిరితే మొదటి అంకె, కాస్త అటూ ఇటూ అయితే రెండోది. మధ్యలో ఎనిమిది గంటలు ఆపే లేఓవర్ పెట్టి చవగ్గా అమ్మే టికెట్లను ఇందులో కలపలేదు.

పట్టికలో ఒకచోట దిగే నాలుగు దారుల మధ్య దూరంలో తేడా 300 కి.మీ. లోపే. విమానానికి అది ఇరవై నిమిషాల పని. అంటే ఆ నాలుగింట్లో దూరం లెక్కే కాదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి: ఎన్నిసార్లు మారాలి, పొడవాటి విమానం ఎంత పొడవు, అమెరికా ఇమిగ్రేషన్ ఎక్కడ జరుగుతుంది, మధ్యలో ఆగే దేశం వీసా అడుగుతుందా, కనెక్షన్ తప్పితే బాధ్యత ఎవరిది.

## ముందు టైమ్ లెక్క సరిగ్గా వేయండి

టికెట్ మీద ఉండేవన్నీ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే. తెల్లవారుజామున 4:30కి శంషాబాద్‌లో ఎక్కి అదే రోజు సాయంత్రం 4 గంటలకు డాలస్‌లో దిగుతారని ఉంటే పదకొండున్నర గంటల ప్రయాణం అనిపిస్తుంది. నిజానికి అది 22 గంటలు.

డాలస్ మన కన్నా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా వేసవి లెక్క. నోటితో వేసుకోవడానికి ఒక చిట్కా ఉంది: డాలస్ టైమ్‌లో పగలు రాత్రి తిరగేసి, వేసవిలో గంటన్నర, చలికాలంలో అరగంట తగ్గించండి. డాలస్‌లో సాయంత్రం 4 అంటే వేసవిలో మనకు తెల్లవారుజామున 2:30. ఇక మొదట చెప్పిన టికెట్ చూడండి. ఈ రోజు 4:30కి ఎక్కి మన లెక్కన రేపు 2:30కి దిగారు, 22 గంటలు.

తిరుగు టికెట్‌లో తేదీ రెండు రోజులు జరుగుతుంది. జూలై 10 సాయంత్రం 7కి డాలస్‌లో ఎక్కి 12 తెల్లవారుజామున 3:30కి శంషాబాద్‌లో దిగితే అదీ 22 గంటలే. ఎయిర్‌పోర్టుకు కారు చెప్పేవాళ్లు 11 రాత్రి బయల్దేరాలి. అటు వెళ్లేటప్పుడూ ఇదే గోల: "14న 4:30" అని టికెట్‌లో ఉంటే 13 రాత్రి భోజనం చేసి ఇంటి నుంచి కదలాలి. 14 రాత్రికి సూట్‌కేసులతో వచ్చి, విమానం పొద్దున్నే వెళ్లిపోయిందని తెలుసుకునేవాళ్లు తక్కువేం కాదు.

తిరుగు ప్రయాణంలో గాల్లో ఉండే సమయం గంటో గంటన్నరో తక్కువ ఉండటానికి కారణం గాలి. పైన పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ డాలస్ నుంచి వచ్చేటప్పుడు వెనక నుంచి నెడుతుంది, వెళ్లేటప్పుడు ఎదురు తగులుతుంది. హాంకాంగ్ మీదుగా వెళ్తే ఇది తిరగబడుతుంది. దూరం 16,800 కి.మీ. దాకా పెరిగినా, పసిఫిక్ మీద వెళ్లేటప్పుడు గాలి మీ పక్షాన ఉంటుంది, వచ్చేటప్పుడే ఎదురు. హాంకాంగ్–డాలస్ సర్వీసును అక్కడి ఎయిర్‌లైన్ కాథే పసిఫిక్ 2025 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. డాలస్ వెళ్లేవాళ్లకు మామూలుగా ఇది మొదటి ఎంపిక కాదు, గల్ఫ్ వైపు గగనతలం మూసినప్పుడు గుర్తుంచుకోదగ్గ దారి.

## దుబాయ్, దోహా: నాలుగు గంటలు, ఆపై పదహారు

శంషాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటల లోపు, దోహా నాలుగుంబావు. అక్కడి నుంచి డాలస్ దాదాపు 16 గంటలు. అసలు బరువంతా ఆ రెండో విమానంలోనే. నడుం నొప్పి, మోకాళ్ల వాపు, షుగర్ ఉన్నవాళ్లకు ఒకే కుర్చీలో పదహారు గంటలు చిన్న విషయం కాదు. మరోవైపు, ఒకసారి ఎక్కి కూర్చుంటే డాలస్‌లోనే దిగుతారు. రెండుసార్లు తిని, ఏడెనిమిది గంటలు తిన్నగా నిద్రపోవచ్చు. నిద్ర పట్టేవాళ్లకు ఇదే మేలైన దారి.

ఎయిర్‌పోర్టు దాటి బయటికి రానంతవరకు రెండుచోట్లా భారతీయులకు ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. దుబాయ్ ఎయిర్‌లైన్ ఎమిరేట్స్‌కు హైదరాబాద్ నుంచి రోజూ ఒకటికి మించి విమానాలున్నాయి. మొదటి విమానం ఆలస్యమై కనెక్షన్ పోయినా, మరో దారిన ఎక్కించే వీలు ఇక్కడ ఎక్కువ. దోహా నుంచి నడిచే ఖతార్ ఎయిర్‌వేస్‌కు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో పొత్తు ఉంది. డాలస్ అమెరికన్‌కు పెద్ద కేంద్రం. అందుకని డాలస్ దాటి ఆస్టిన్, ఓక్లహామా సిటీ లాంటి చోట్లకు వెళ్లేవాళ్లకు ఒకే టికెట్ మీద పని జరుగుతుంది.

దుబాయ్‌లో గంటన్నర కనెక్షన్ అమ్ముతారు. కొనకండి. మళ్లీ సెక్యూరిటీ, దూరపు గేటు, అమెరికా విమానాలకు గేటు దగ్గర అదనపు తనిఖీ: ఇవన్నీ కలిస్తే గంటన్నర చాలదు. రెండున్నర నుంచి నాలుగు గంటలు మంచి కొలత.

ఆకాశం మూసేస్తే ఏమవుతుందన్నది ఈ దారికి ఉన్న అసలు చిక్కు. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసింది. ఆ కొన్ని గంటల దెబ్బకు చెదిరిన విమానాలు గాడిలో పడటానికి ఇంకా చాలా సమయం పట్టింది. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కుండపోత వాన కురిసి రన్‌వేలే మునిగాయి. ఇలాంటివి రోజూ జరగవు. అయినా బయల్దేరే వారం ముందు వార్తలు చూడటం మరచిపోవద్దు.

## లండన్, ఫ్రాంక్‌ఫర్ట్: సగం సగం

ఇక్కడ ప్రయాణం రెండు ముక్కలుగా సమానంగా విరుగుతుంది. లండన్‌కు పది గంటలు, అక్కడి నుంచి డాలస్‌కు మరో పది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు తొమ్మిదింబావు, ఆపై పదకొండు. మధ్యలో కాళ్లు చాపుకుని రెండు మూడు గంటలు తిరగొచ్చు. పదహారు గంటలు కూర్చోలేనివాళ్లకు, చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది నయం. పిల్లలకు పదో గంట దాటాక విసుగు మొదలవుతుంది. సరిగ్గా అప్పటికి దిగిపోతారు.

ఈ దారిలో తలనొప్పంతా కాగితాలదే. చెల్లుబాటయ్యే అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉంటే, లండన్‌లో ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారడానికి వేరే వీసా అడగరు. వెళ్లేటప్పుడు అందరికీ వీసా ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. చిక్కు తిరుగు ప్రయాణంలో. హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో స్టాంపింగ్ (వీసా ముద్ర) గడువు అయిపోయి, కొత్త స్టాంపింగ్ కోసమే హైదరాబాద్ వస్తున్నవాళ్లు చాలామంది. అమెరికాలో ఉండటానికి వాళ్ల దగ్గర ఆమోద పత్రం ఉంటుంది, పాస్‌పోర్టులో మాత్రం బతికున్న వీసా ఉండదు. యూరప్ దారి వీళ్లకు ఎదురు తన్నొచ్చు. డాలస్ చెకిన్ కౌంటర్లోనే బోర్డింగ్ పాస్ ఇవ్వకపోతే ఆ రోజు చేయగలిగేది ఏమీ లేదు. స్టాంపింగ్ గడువు అయిపోయినవాళ్లు గల్ఫ్ దారి పట్టడం క్షేమం. యూరప్ మీదుగానే రావాలనుకుంటే ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో నిబంధన చదివాకే డబ్బు కట్టండి. ఈ నియమాలు మారుతూ ఉంటాయి. ఏజెంటు నోటిమాట చాలదు.

లండన్‌లో ఇంకో సంగతి. హైదరాబాద్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం టెర్మినల్ 5లో దిగుతుంది. డాలస్‌కు ఎక్కేది అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానమైతే టెర్మినల్ 3కి బస్సులో పోయి, అక్కడ మళ్లీ సెక్యూరిటీ దాటాలి. టికెట్ కొనేటప్పుడే రెండో విమానం ఎవరిదో, ఏ టెర్మినల్‌దో చూడండి. టెర్మినల్ మారాల్సి వస్తే రెండున్నర గంటలకు తగ్గకండి. పెద్దవాళ్లయితే మూడు.

ఆలస్యాల విషయంలో మాత్రం యూరప్‌దే పైచేయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బయల్దేరే విమానం ఎయిర్‌లైన్ తప్పు వల్ల నాలుగు గంటలకు పైగా ఆలస్యంగా చేరితే 600 యూరోల దాకా పరిహారం అడిగే హక్కు చట్టం ఇస్తోంది. బ్రిటన్‌లోనూ ఇలాంటి చట్టమే ఉంది. మంచు, పొగమంచు వల్ల ఆగితే ఈ డబ్బు రాదు, భోజనం, హోటల్ మాత్రం చూడాలి. డిసెంబర్, జనవరిలో ఈ రెండు ఊళ్లలో మంచు తరచూ పలకరిస్తుంది.

## అబుదాబి: ఇమిగ్రేషన్ ముందే అయిపోతుంది

అబుదాబి ఎయిర్‌లైన్ ఎతిహాద్‌కు డాలస్ విమానం లేదు. షికాగో లాంటి మరో ఊరికి వెళ్లి అక్కడి నుంచి డాలస్‌కు దేశీయ విమానం ఎక్కాలి. అయినా ఈ దారిని పట్టికలో ఉంచడానికి ఒకే కారణం ఉంది: అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అబుదాబిలోనే జరుగుతాయి. ఈ ఏర్పాటు 2014 జనవరి నుంచి ఉంది. షికాగోలో మీరు దేశీయ ప్రయాణికుల్లా బయటికి నడుస్తారు. రెండు టికెట్లూ ఒకే బుకింగ్ అయితే లగేజీ గోల కూడా తగ్గుతుంది.

ఇది లేకపోతే షికాగోలో ఏం జరుగుతుందో చూడండి. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, అక్కడే బెల్టు మీద నుంచి సూట్‌కేసులు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, మళ్లీ బెల్టుకు అప్పగించాలి, రైలెక్కి వేరే టెర్మినల్‌కు పోవాలి, అక్కడ మళ్లీ సెక్యూరిటీ. లైను పొడవుగా ఉన్న రోజున దీనికి మూడు గంటలు పడతాయి. అమెరికాలో మొదట డాలస్‌లోనే దిగేవాళ్లకు ఇంత తంతు ఉండదు. టెర్మినల్ డిలో ఇమిగ్రేషన్ అయ్యాక సూట్‌కేసులు తీసుకుని తలుపు దాటితే, అవతల ఇంట్లోవాళ్లు నిలబడి ఉంటారు.

అబుదాబిలో మూడు గంటల కన్నా తక్కువ కనెక్షన్ తీసుకుంటే ఈ సౌకర్యమే శాపమవుతుంది. ఆ లైనులో ఆలస్యమైతే విమానం వెళ్లిపోతుంది.

## ఢిల్లీ: దగ్గరే గానీ

14,580 కి.మీ. చూడగానే మనసు లాగుతుంది. మాట్లాడేది హిందీ, కాగితాల భయం లేదు. కానీ రెండుసార్లు మారాలి, షికాగోలో పైన చెప్పిన తంతు మొత్తం చేయాలి. 2025 ఏప్రిల్ చివరి నుంచి పాకిస్తాన్ గగనతలం భారతీయ విమానాలకు మూసేశారు. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే దారి చుట్టు తిరిగింది. కొన్ని విమానాలు ఇంధనం కోసం దారిలో దిగాల్సి వచ్చింది కూడా. కొనే ముందు "నాన్‌స్టాప్" అని ఉందా, "1 స్టాప్" అని ఉందా చూడండి. తిరిగి వచ్చేటప్పుడు ఢిల్లీలో సూట్‌కేసులు తీసుకుని, కస్టమ్స్ దాటి మళ్లీ వేయాల్సి రావొచ్చు, దానికి కూడా సమయం వదలాలి.

డాలస్‌కు ఇది సిఫార్సు చేయదగ్గ దారి కాదు. మీరు దిగేది షికాగోలోనే అయితే అప్పుడు లెక్క వేరు, ఈ దారి పోటీలోకి వస్తుంది.

## ఎవరికి ఏది

మొదటిసారి, ఒంటరిగా వెళ్లే అమ్మానాన్నలకు: దుబాయ్ లేదా దోహా, డాలస్‌లోనే మొదటి దిగుడు. పది వేలు ఎక్కువైనా ఒకసారి మారేదే తీసుకోండి. ఇంగ్లిష్ ఇబ్బంది ఉంటే వీల్‌చైర్ సాయం టికెట్‌తోపాటే పెట్టించండి. నడవగలిగినా తప్పేం లేదు, గేటు దాకా తీసుకెళ్లే మనిషి దొరుకుతారు. కొడుకో కూతురో ఇంటి చిరునామా, ఫోన్ నంబర్ కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం పనిచేస్తుంది. శాకాహారులైతే ఏషియన్ వెజిటేరియన్ భోజనం బయల్దేరడానికి కనీసం ఒక రోజు ముందు పెట్టించాలి. ఇన్సులిన్, రోజువారీ మాత్రలు డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి.

మోకాళ్లు, నడుం సహకరించనివాళ్లకు: లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్, మూడు గంటల విరామంతో.

ఆగస్టులో చదువుకు వెళ్లే పిల్లలకు: ధర కన్నా లగేజీ ముందు చూడండి. 23 కిలోల సూట్‌కేసులు రెండు వస్తాయా, ఒకటేనా అన్నది టికెట్ రకం బట్టి మారుతుంది. చవకైన టికెట్‌లో ఒకటే ఉండి, రెండోది కౌంటర్ దగ్గర కొంటే మిగిలిందంతా అక్కడే పోతుంది. చేతి సంచి లెక్క కూడా కంపెనీని బట్టి వేరు. ఎమిరేట్స్, ఖతార్ 7 కిలోలు అంటాయి, లుఫ్తాన్సా 8. బ్రిటిష్ ఎయిర్‌వేస్ మాత్రం, కొలతల్లో ఉంటే 23 కిలోల దాకా ఒప్పుకుంటుంది. పుస్తకాలు, ల్యాప్‌టాప్ మోసుకెళ్లే విద్యార్థికి ఈ ఒక్క తేడా లండన్ వైపు తిప్పేంత పెద్దది.

రెండు వారాల సెలవు మీద వచ్చే ఉద్యోగులకు: మొత్తం గంటలు తక్కువ ఉన్న దారి, స్టాంపింగ్ బతికుంటే ఏదైనా, లేకుంటే గల్ఫ్.

ఎవరైనా సరే, రెండు విడి టికెట్లు కలిపి "మన కనెక్షన్" చేసుకోవద్దు. ఒకే బుకింగ్ నంబర్ మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడి టికెట్లయితే రెండోది పోయినట్టే. పైగా సూట్‌కేసుల కోసం మధ్యలో బయటికి రావాలి, దానికి ఆ దేశం వీసా కావాలి.

## సూట్‌కేసు దారిని బట్టి కూడా మారాలి

గసగసాలు గల్ఫ్ దారిలో వద్దు. యూఏఈలో వాటి మీద నిషేధం ఉంది, మసాలా పొడిలో కలిసినవైనా సరే. కరివేపాకు అమెరికాలోకి ఏ దారినా రానివ్వరు, నిమ్మజాతి చెట్ల తెగులు భయం. మాంసం పచ్చళ్లదీ అదే కథ. ఆవకాయ, గోంగూర బాగానే వెళ్తాయి. కానీ చెకిన్ సూట్‌కేసులో, సీలు వేసిన ప్యాకెట్‌ను ఇంకో రెండు కవర్లలో చుట్టి పెట్టాలి. చేతి సంచిలో పచ్చడి పెడితే సెక్యూరిటీ దగ్గరే పోతుంది. ఎండు కొబ్బరి చెకిన్‌లో ఒప్పుకోరు, నూనె ఎక్కువ కాబట్టి మండే వస్తువుల కింద లెక్క. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి విమానంలో దాన్ని వాడనివ్వడం లేదు, కాబట్టి ఫోన్ చార్జింగ్ కేబుల్ విడిగా పెట్టుకోండి.

ఇంటి నుంచి శంషాబాద్ దాకా పట్టే సమయాన్ని కూడా ఈ లెక్కలో కలపండి. తెల్లవారుజాము విమానానికి అర్ధరాత్రి బయల్దేరితే గచ్చిబౌలి నుంచి ఔటర్ మీద అరగంట, నలభై నిమిషాలు. అదే ఉదయం పదింటి విమానానికి కూకట్‌పల్లి నుంచి ఏడింటికి బయల్దేరితే చెకిన్ లైను చివర్లో ఉంటారు. ఆరింటికల్లా రోడ్డు మీద ఉండండి. కౌంటర్లు మామూలుగా విమానానికి గంట ముందు మూసేస్తారు. వెబ్ చెకిన్ చేసుకున్నా, సూట్‌కేసులున్నవాళ్లకు ఆ గంటే గడువు.